అస్తమయం దగ్గర ఖాళీ

కుర్చీ నాలుగో రోజు కూడా ముందు గది కిటికీ దగ్గరికే చేరింది.

ఒడెస్సా చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి చూసేసరికి అత్తగారు హ్యాటీ దర్జాగా అందులో కూర్చుని, ఒళ్ళో బీన్స్ గిన్నె పెట్టుకుని, వీధిలోకి చూస్తూ ఒక్కొక్క కాయా విరుస్తోంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. అంత బరువు కుర్చీని తనంతట తాను ఈడ్చుకు రాలేదు. అంటే ఇంట్లోనే ఎవరో సాయం పట్టారు.

"అత్తయ్యా, నిన్న సాయంత్రమే కదా దీన్ని వంటింట్లో పెట్టాను?"

"పెట్టావు. వంటింట్లో నాకేం కనిపిస్తుంది, నీ ఫ్రిజ్జు మొహం తప్ప?"

"కనిపించకపోతే పోనీండి. ఎదురింటి పర్నెల్ గారి కిటికీ ఏమైందో చూశారుగా? అద్దం పగలగొట్టుకుని గుండు పోయి సోఫాలో దూరింది. ఆయన అప్పుడే లేచి బాత్రూమ్‌కి వెళ్ళాడు కాబట్టి బతికాడు."

"అయితే నన్నూ తీసుకెళ్ళి బాత్రూమ్‌లో కూర్చోబెట్టు. నీ ఆలోచన అదేగా!"

మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న నఫీస్ కిసుక్కున నవ్వాడు. పదహారేళ్ళవాడు, నవ్వితే ఇంకా పదేళ్ళవాడిలాగే ఉంటాడు.

"నువ్వేగా జరిపింది?" అంది ఒడెస్సా.

"నువ్వు సాయంత్రం వంటింట్లోకి జరపమంటావు. నానమ్మ పొద్దున్నే ఇక్కడికి జరపమంటుంది. పెద్దవాళ్ళు, ఇద్దరి మాటా వింటున్నాను. తప్పా?"

"డెస్సా, ఆవిణ్ణి వదిలెయ్," అన్నాడు రాస్కో బల్ల దగ్గర్నించి. అప్పటికే సిటీ బస్సు డ్రైవరు యూనిఫాం వేసుకుని గుడ్లు తింటున్నాడు. "కుర్చీ ఎక్కడుంటే ఏంటి? ఇంట్లోకి ఎవడైనా వస్తే చూసుకోడానికి పైన పెట్టె ఉంది."

"నీ పెట్టెలో ఉన్నది కిటికీలోంచి వచ్చే గుండుని మధ్యలో పట్టుకుంటుందా?"

రాస్కో గుడ్ల మీద ఇంకాస్త ఉప్పు చల్లుకున్నాడు. అత్తగారు ఒక కాయ విరిచి, "మా నాన్న తలుపు వెనకాల తుపాకీ లేకపోతే ఈపాటికి నీకు మొగుడే ఉండేవాడు కాదు," అంది.

ఈ కథ ఒడెస్సాకి కంఠతా వచ్చు. సౌత్ కరొలైనాలో హ్యాటీ పదమూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, దీపాలార్పుకుని రెండు కార్లు వాళ్ళ వాకిట్లోకొచ్చి ఆగాయిట. తండ్రి వరండాలోకొచ్చి, తుపాకీ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఒక్క మాటయినా అనకుండా కూర్చున్నాడుట. కార్లు వెనక్కి వెళ్ళిపోయాయిట. ఆ తర్వాత నెల తిరక్కుండా కుటుంబమంతా రైలెక్కి ఫిలడెల్ఫియా వచ్చేశారు.

"మీ నాన్నగారి మీదికొచ్చింది తెల్లదొరలు, అత్తయ్యా. మన పిల్లల మీదికొస్తోంది మనలాంటి నల్లవాళ్ళే, మన పక్క వీధి పిల్లలు."

"తుపాకీకి ఆ తేడా తెలుసనుకున్నావా?"

"తెలీదనే కదా నేనంటున్నదీ!"

రాస్కో ఆ పిస్తోలు జూన్‌లో కొన్నాడు. బస్సులో ఒకణ్ణి టిక్కెట్టు డబ్బు వెయ్యమన్నందుకు వాడు నడుం మీద చెయ్యి వేసుకుని, 'నువ్వెక్కడ దిగుతావో నాకు తెలుసులే పెద్దాయనా' అన్నాడు. ఆ వారమే వెళ్ళి కొనుక్కొచ్చాడు. అన్నీ చట్టప్రకారమే, సంతకాలూ కాగితాలూ అన్నీ ఉన్నాయి. చిన్న ఇనప్పెట్టెలో పెట్టి పడగ్గది బీరువా మీద ఉంచాడు. ఆనాటి నుంచీ ఒడెస్సాకి ఆ గదిలో నిద్ర లేదు. ఈ ఇంట్లోకి తుపాకీ రానివ్వనని ఆవిడ తొమ్మిదేళ్ళ కిందట ప్రమాణం చేసింది, పెద్ద కొడుకు మార్సెలస్ శవపేటిక మీద చెయ్యి వేసి. మార్సెలస్‌కి అప్పుడు పంతొమ్మిది. వాణ్ణి కాల్చినప్పుడు వాడి నడుముకీ ఒక తుపాకీ ఉంది. అది బయటికి రానే లేదు.

"శనివారం చర్చిలో తుపాకులు తీసుకుంటున్నారు," అంది ఒడెస్సా, ఈ వారంలో ఇరవయ్యోసారి. "ఎవరివి, ఎక్కడివి అని అడగరు. పోలీసాయన లోపల గుళ్ళున్నాయేమో చూసి పెట్టెలో పడేస్తాడు, కొట్లో సరుకులు కొనుక్కునే కార్డు చేతికిస్తారు, అంతే."

"నాకు సరుకులు కాదు కావల్సింది."

"నువ్వు డ్యూటీకి వెళ్ళేటప్పుడు తాళంచెవి మేజోళ్ళ కింద పెడతావు. నాకు తెలుసు. మీ అమ్మకి తెలుసు. ఈ ఇంట్లో తెలీనిది ఎవరికి?"

రాస్కో తలెత్తి కొడుకు వైపు చూశాడు. నఫీస్ ఒక బూటు తాడు విప్పి మళ్ళీ కడుతున్నాడు.

"ముట్టుకున్నావా?"

"లేదు."

ఆ 'లేదు' రావటానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. అంతే. రాస్కో గుడ్ల పళ్ళెం పక్కకి నెట్టి, మెళ్ళోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"శనివారం పట్టుకెళ్ళు," అన్నాడు భార్యతో. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిదేళ్ళలో ఒడెస్సా గెలిచిన మొదటి గెలుపు అది. హ్యాటీ గిన్నెలోంచి తలెత్తకుండా, "తుపాకీ పోతే పోయింది, నా కుర్చీ మాత్రం కదలదు," అంది.

"సరే, మీ కుర్చీ మీదే!" అంది ఒడెస్సా. ఆ పూట ఏమడిగినా ఇచ్చేసేలా ఉంది.

* * *

ఆ ఇంటి నేలమాళిగలో ఒక యంత్రం ఉంది. ఇస్త్రీపెట్టెకి పెద్దన్నలాంటిది. కింద చొక్కా పరిచి, దాని మీద బొమ్మ కాగితం బోర్లించి, పైపలకని దించి నొక్కితే వేడికి బొమ్మ గుడ్డలోకి దిగుతుంది. మార్సెలస్ పోయినప్పుడు, అంత్యక్రియల్లో అందరూ వేసుకోడానికి వాడి బొమ్మ చొక్కాలు ఎక్కడో బయట వేయించారు. పేరులో ఒక అక్షరం తప్పు పడింది. రెండోసారి వేయించుకునే టైం లేక, అందరూ ఆ తప్పు గుండెల మీద వేసుకునే పాతిపెట్టి వచ్చారు. ఆ తర్వాత ఒడెస్సా ఈ యంత్రం కొంది. ఇప్పుడు చుట్టుపక్కల ఎవరి పిల్లలు పోయినా ఫోటో పట్టుకుని ఆవిడ దగ్గరికే వస్తారు. వెనకాల తెల్ల మబ్బులు, అటూ ఇటూ రెక్కలు, మధ్యలో ఫోటో. కింద ఎడం వైపు 'సూర్యోదయం' అని పుట్టిన తేదీ, కుడి వైపు 'అస్తమయం' అని పోయిన తేదీ. కంప్యూటరు మీద బొమ్మ అమర్చేది నఫీస్. మడతలు రాకుండా నొక్కేది ఒడెస్సా.

శుక్రవారం మధ్యాహ్నం కార్లిస్ ఆ నేలమాళిగ మెట్లు దిగి వచ్చింది. ఆమె కొడుకు జహీరూ, నఫీసూ చిన్నప్పటి నుంచీ ఒకే బంతితో ఆడుకున్నారు. కార్లిస్ వృద్ధాశ్రమంలో పని చేస్తుంది. ఇంకా ఆ నీలం బట్టల్లోనే ఉంది.

"మిస్ ఒడెస్సా, తలుపు వెయ్యనా?" అని, వేసి, అక్కడే నిలబడిపోయింది. "వాడి చలికాలం బూట్లు చిన్నవైపోయాయేమోనని తీసి చూశాను. ఒకదాంట్లో ఉంది."

ఏముందో ఒడెస్సా అడగలేదు.

"వేసవిలో ఎవరితోనో ఫోన్లో మాటా మాటా పెరిగింది. అప్పట్నుంచీ భయం భయంగా తిరుగుతున్నాడు. నాకు చెప్పడు. అడిగితే 'నువ్వు ఊరుకో అమ్మా' అంటాడు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? అక్కడే పెట్టెయ్యనా, చూడనట్టు?"

"రేపు చర్చికి తీసుకురా."

"వాడు నన్ను జన్మలో క్షమించడు."

"క్షమించకపోతే బతికుండి క్షమించకుండా ఉంటాడు," అంది ఒడెస్సా. "అమ్మాయ్, నా మాట విను. మా ఆయనదీ తెస్తున్నాను. ఇద్దరం కలిసి ఇచ్చేద్దాం. నువ్వు చేస్తున్నది మంచి పని. ఈ రాత్రి హాయిగా నిద్రపో."

కార్లిస్ ఆవిణ్ణి కావలించుకుని కాసేపు వదల్లేదు. ఆ నీలం బట్టలకి ఆసుపత్రి సబ్బు వాసన.

శనివారం చర్చి హాల్లో ఒడెస్సా కాఫీ బల్ల దగ్గర నిలబడింది. పది నుంచి రెండింటి దాకా జనం వస్తూనే ఉన్నారు. ఎక్కువగా భర్తలు పోయిన ముసలమ్మలు. దిండు గలేబుల్లోంచీ బిస్కెట్ల డబ్బాల్లోంచీ తుప్పు పట్టిన రివాల్వర్లు తీసి, చచ్చిన ఎలకల్ని పట్టుకున్నట్టు మునివేళ్ళతో బల్ల మీద పెట్టారు. ఒకావిడ తాతగారి వేట తుపాకీ తెచ్చి, ఇవ్వటానికి మనసొప్పక మళ్ళీ ఇంటికి పట్టుకుపోయింది. మొగపిల్లలెవరూ రాలేదు. కార్లిస్ పన్నెండింటికి వచ్చింది. తువ్వాల్లో చుట్టి తెచ్చింది. ఒడెస్సా తన చేతిసంచీలోంచి రాస్కో ఇనప్పెట్టె తీసింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఇచ్చేశారు. పోలీసాయన రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి బాగున్నాయే!" అన్నాడు.

ఇంటికొచ్చాక హ్యాటీ కిటికీ దగ్గర్నించే అడిగింది. "ఎన్నొచ్చాయి?"

"ముప్ఫై ఒకటి."

"పనిచేసేవి?"

ఒడెస్సా కోటు తగిలిస్తూ కొంచెం ఆగింది. "రెండు."

హ్యాటీ ఏదో అనబోయి కోడలి మొహం చూసి మానేసింది. ఆవిడ నోరు కట్టుకోవటం అరుదు. ఒడెస్సా మాత్రం ఆ రాత్రి బీరువా పైన ఖాళీ జాగా చూసుకుంటూ, జూన్ తర్వాత మొదటిసారి ఒంటి మీద తెలివి లేకుండా నిద్రపోయింది.

* * *

బుధవారం సాయంత్రం నాలుగింటికి, బడి వదిలాక, ట్రామ్ స్టాపు దగ్గర జహీర్‌ని కాల్చేశారు. వీపు మీద పుస్తకాల సంచీ అలాగే ఉంది.

గురువారం కార్లిస్ మళ్ళీ ఆ మెట్లు దిగి వచ్చింది. కూడా వచ్చిన అక్కని పైనే కూర్చోమని చెప్పి ఒక్కతే దిగింది. ఒడెస్సా చేతులు చాచి ఎదురెళ్ళింది. కార్లిస్ ఆ చేతుల్లోకి రాలేదు.

"చొక్కాలు కావాలి. నలభై."

"నేను చూసుకుంటానమ్మా. నువ్వు కూర్చో."

"ఆదివారం దానికోసం వెతికాడు," అంది కార్లిస్ నిలబడే. గొంతు పెంచలేదు. "ఇల్లంతా తిరగేశాడు. నేను ఇచ్చేశానని చెప్పాను. 'ఎవరు చెప్పారమ్మా నీకు అలా చెయ్యమని' అన్నాడు. మీ పేరు చెప్పాను. ఏమీ అనలేదు. పోయి మంచం మీద పడుకున్నాడు. సోమవారం బడికి వెళ్ళలేదు, మంగళవారం వెళ్ళలేదు. బుధవారం లెక్కల పరీక్ష. నేనే పంపాను."

"కార్లిస్, అది వాడి దగ్గర ఉన్నా..."

"తెలుసు. మీ మార్సెలస్ దగ్గరా ఉందని తెలుసు. ఉన్నా పోయేవాడేమో. నాకు తెలుసు, మిస్ ఒడెస్సా. కానీ ఇప్పుడు ఆ 'ఏమో' తీసుకొచ్చి నా మెళ్ళో కట్టారు. దాన్ని నేను ఎక్కడ ఇచ్చిరాను? దానికేదైనా చర్చి ఉందా?"

ఒడెస్సా చాచిన చేతులు దించుకుంది. తొమ్మిదేళ్ళుగా ఎంతమంది తల్లుల భుజాలో పట్టుకుంది. ఏం మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఈ పేటలో అందరికన్నా తనకే బాగా తెలుసనుకునేది.

"ఫోటో తేలేదు," అంది కార్లిస్. "ఏది తేవాలో తోచలేదు. ఫోన్లో అన్నీ చిన్నప్పటివే."

అప్పటిదాకా కంప్యూటరు వెనక చప్పుడు లేకుండా కూర్చున్న నఫీస్, "నా దగ్గరుంది, మిస్ కార్లిస్," అన్నాడు. "ఏది వెయ్యాలో జహీర్ చెప్పాడు."

ఇద్దరు ఆడవాళ్ళూ వాడి వైపు తిరిగారు. వాడు తెర తిప్పి చూపించాడు. జహీర్ ఎర్ర జాకెట్టులో, ఎండలో, ఎవరో ఏదో అన్నదానికి తల వెనక్కి వాల్చి నవ్వుతున్నాడు. చుట్టూ మబ్బులు, రెక్కలు అప్పటికే పెట్టేసి ఉన్నాయి. సూర్యోదయం తేదీ ఉంది. అస్తమయం దగ్గర ఖాళీ.

కార్లిస్ తెర మీద ఆ నవ్వుని వేలితో ముట్టుకుంది. "ఇది నేను చూడనే లేదు," అంది. "ఎప్పుడు తీశారు?"

"ఆగస్టులో. నేనే తీశాను."

ఆమె వెళ్ళాక ఒడెస్సా తలుపు వేసి వచ్చింది. తర్వాత అడిగింది.

"జహీర్ చెప్పటమేంటి, నఫీస్?"

"అందరూ చెప్పారమ్మా. మెషీను మన ఇంట్లోనే ఉందిగా."

"అందరూ అంటే?"

వాడు మెడ గోక్కున్నాడు. "కీనన్ పోయినప్పట్నుంచి. కీనన్ చొక్కా గుర్తుందా? వాళ్ళమ్మ బడి ఫోటో ఇచ్చింది, పళ్ళకి తీగలున్నది. కీనన్‌కి ఆ ఫోటో అంటే ఎంత అసహ్యమో! బడి వాళ్ళిచ్చిన కవరు విప్పకుండానే చింపేద్దామని చూశాడు. నువ్వు అదే వేసేశావు. రెండొందల మంది వేసుకున్నారు. ఇంక వాడు ఎప్పటికీ అలాగే. అప్పుడు అనుకున్నాం, ఎవరిది వాళ్ళే ముందుగా ఇచ్చేసుకుందామని."

నిజమే. ఆ తల్లి ఏడుస్తూ గోడ మీద ఉన్న ఫోటో పీకి చేతికిచ్చింది. ఒడెస్సా ఇంకోటుందా అని అడగలేదు. తప్పు తనదే.

"చూపించు."

"అమ్మా..."

"చూపించమన్నాను."

పదకొండున్నాయి. నఫీస్ ఒక్కొక్కటీ జరుపుతూ పోయాడు. అందరూ తెలిసినవాళ్ళే. మూలింటి కవలల్లో పెద్దవాడు, గొప్ప కోసం అద్దె కారుకి చేరగిలబడి. చర్చిలో డ్రమ్ములు వాయించే కుర్రాడు, వేసవిలో తను చిలగడదుంపతో చేసిన తీపి రొట్టె రెండు ముక్కలు తిని మూడోది జేబులో పెట్టుకుపోయినవాడు. ఒకడు ఫోటోలో చెల్లెల్ని ఎత్తుకున్నాడు. చెల్లెలి బొమ్మని జాగ్రత్తగా కత్తిరించి తీసేశారు, ఆ పిల్ల చెయ్యొకటి మాత్రం వాడి భుజం మీద మిగిలింది. అందరికీ మబ్బులున్నాయి. అందరికీ పేర్లలో అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. అందరికీ అస్తమయం దగ్గర ఖాళీ.

ఆఖరిది వచ్చింది. వీళ్ళింటి మెట్ల మీదే తీసింది. తెల్ల స్వెట్టరు. నవ్వటం లేదు.

తెల్లది వేసుకున్నాడు, మబ్బుల్లో కలిసిపోతోంది, మొహమూ చేతులూ తప్ప ఏమీ తేలటం లేదు అనుకుంది ఒడెస్సా. అంచు కొంచెం ముదురు చెయ్యాలి అని కూడా అనుకుంది. ఆ తర్వాతగానీ అది తన కొడుకని బుర్రకెక్కలేదు. తెలిశాక కూర్చునే చోటు వెతుక్కుంటూ యంత్రం అంచు పట్టుకుంది. అది ఇంకా వేడిగా ఉంది. చెయ్యి కాలింది.

"అమ్మా! చెయ్యి..."

"ఎందుకు చేశావిది?"

నఫీస్ నేల చూశాడు. "నువ్వు ఏడుస్తూ వెతుక్కోకూడదని. అన్నయ్య పోయినప్పుడు మూడు రోజులు అట్టపెట్టెలన్నీ తిరగేశావు. నాకు గుర్తుంది. నేను నీ పక్కనే కూర్చున్నాను."

అప్పుడు వాడికి ఏడేళ్ళు.

"నీకు పదహారే నాన్నా."

"కీనన్‌కి పదిహేనే."

"నువ్వు పోతావని ఎవరన్నారు?"

"పోతాననలేదమ్మా. పోతే అన్నాను."

పైన హ్యాటీ చేతికర్ర చప్పుడు ఇటు నుంచి అటు వెళ్ళింది. ఒడెస్సా కాలిన చేతిని చల్లటి గోడకి ఆనించింది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"మీ నాన్న తుపాకీ ముట్టుకున్నావు కదూ?"

"ఒకసారి. ఊరికే పట్టుకు చూశాను." వాడి గొంతులో దాపరికం లేదు, అలసట ఉంది. "అది చేతిలో ఉంటే భయం తగ్గుతుందేమోననుకున్నాను. తగ్గలేదు. ఇప్పుడది ఇంట్లో లేదు. ఇప్పుడూ తగ్గలేదు. నువ్వు దానికోసం నాన్నతో పోట్లాడక్కర్లేదమ్మా. నాకు రెండూ ఒకటే."

* * *

జహీర్‌ని ఆ వచ్చే శనివారం పాతిపెట్టారు. చర్చి నిండా ఎర్ర జాకెట్లే, వందమంది గుండెల మీద తల వెనక్కి వాల్చి నవ్వుతూ. నలభై చాలక నఫీస్, ఒడెస్సా శుక్రవారమంతా నొక్కుతూనే ఉన్నారు. తర్వాత కింది హాల్లో భోజనాలు. వేయించిన చేపలు, మాకరోని, ఆకుకూర. వారం కిందట తుపాకులు పెట్టిన బల్లల మీదే గిన్నెలు పెట్టారు; గుడ్డలు మాత్రం మార్చారు. కార్లిస్ అవతలి మూల కూర్చుంది. ఒడెస్సా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కోపంగా మొహం తిప్పుకుంటే బావుండుననిపించింది ఒడెస్సాకి. అది కోపం కాదు.

పాస్టరు గారు పళ్ళెం పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. "సిస్టర్ ఒడెస్సా, మంగళవారం బస్సు ఏడింటికి. ఈసారి శాసనసభ్యుల ముందు మాట్లాడ్డానికి మీకు మూడు నిమిషాలు ఇచ్చారు. జహీర్ సంగతి చెప్పండి. ఇంత వేడి మీద వింటారు."

పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల సంఘంతో ఒడెస్సా తొమ్మిదేళ్ళలో ఎన్నోసార్లు రాష్ట్ర రాజధానికి వెళ్ళింది, మార్సెలస్ చొక్కా వేసుకుని. తుపాకీ పోతే పోయిందని వెంటనే పోలీసులకి చెప్పాలి, ఒకడు నెలకి ఒకటికన్నా కొనకూడదు, అంతే అడిగారు. ఊరు తన చట్టం తాను చేసుకుంటానంటే ఊరికి ఆ హక్కు లేదన్నారు. సభ్యుల్లో ఒకాయన, మంచి మర్యాదస్తుడు, అందరికీ పిప్పరమెంట్లు పంచి, 'అమ్మా, మా జిల్లాలో జింకల వేట మొదలైన రోజు బళ్ళకి సెలవు. మీ ఊరి జబ్బుకి మా పిల్లలెందుకు మందు మింగాలి?' అన్నాడు. ఆయన ఆవిడ చొక్కా మీది ఫోటో చూసి, 'అందమైన కుర్రాడు' అని కూడా అన్నాడు.

"నన్ను ఆలోచించుకోనివ్వండి, పాస్టరు గారూ," అంది. ఆలోచించటానికి ఏమీ మిగల్లేదని అప్పటికే తెలుసు.

ఆదివారం చర్చి అయ్యాక ఆయనకి ఫోన్ చేసింది. రెండు నిమిషాలే మాట్లాడింది. తర్వాత వంటలోకి దిగింది. కోడి వేపింది, మొక్కజొన్న రొట్టె చేసింది, ఆకుకూరలో పొగ పెట్టిన మాంసం వేసి మెత్తగా ఉడికించింది. బల్ల మీద నాలుగు పళ్ళేలు పెట్టి అందర్నీ పిలిచింది.

హ్యాటీ ముందు గదిలోంచి కదలకుండా కేకేసింది. "నఫీస్, ఇటు రారా. ఈ కుర్చీ తీసుకెళ్ళి వంటింట్లో పెట్టు."

నఫీస్ తల్లి మొహం చూశాడు.

"ఎందుకు నానమ్మా? నీకు బయట కనిపించొద్దా?"

"కనిపించింది చాల్లే," అంది ముసలావిడ.

కుర్చీ వంటింటి తలుపు సందులోంచి కష్టం మీద దూరింది. హ్యాటీ అందులో కూర్చుని ఫ్రిజ్జు వైపు చూసింది. రాస్కో ప్రార్థన చేశాడు. మామూలుగా ఆయన ప్రార్థనకి కోడి చల్లారిపోతుందని అందరూ వేళాకోళం చేస్తారు. ఆ పూట "ఉన్నవాళ్ళని ఉంచు తండ్రీ, ఆమెన్" అని ఆపేశాడు. తుపాకీ ఇచ్చేసిన దగ్గర్నుంచీ ఆయన దాని ఊసెత్తలేదు. జహీర్ పోయాక కూడా 'నేను చెప్పానా' అనలేదు. అనకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో ఒడెస్సాకి ఆయన దవడలో కనబడుతూనే ఉంది.

"డెస్సా," అన్నాడు చివరికి. "నిన్నొకటి అడగాలి."

"అడగక్కర్లేదు. కొనుక్కో."

రాస్కో చెంచా కింద పెట్టాడు.

"నువ్వడగబోయేది నాకు తెలుసు. కొనుక్కో. నేనిక ఔననను, కాదనను." ఒడెస్సా రొట్టె ముక్కలు చేస్తోంది, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. "మంగళవారం నేను బస్సెక్కట్లేదు. పాస్టరు గారికి చెప్పేశాను. వచ్చేసారీ వెళ్ళను."

"తొమ్మిదేళ్ళు తిరిగావే!" అన్నాడాయన. గెలిచినవాడి గొంతు కాదది. ఎవరో ఇంట్లో దీపం ఆర్పేస్తే వెతుక్కుంటున్నట్టుంది. "ఇప్పుడు మానేస్తావా? ఈ వారమా?"

"మంగళవారం నువ్వు సెలవు పెట్టు," అంది ఆవిడ, ఆ మాట విననట్టే. "నఫీస్, నువ్వు బడి నుంచి తిన్నగా ఇంటికి రా. మీ నాన్న వచ్చి తీసుకొస్తాడు. నలుగురం ఫోటో స్టూడియోకి వెళ్దాం. కలిసి ఒకటి, తలా ఒకటి."

"నాకెందుకే ఈ వయసులో?" అంది హ్యాటీ.

"మీరు కూడా, అత్తయ్యా. మీ చర్చి టోపీ పెట్టుకోండి."

రాస్కోకి ఏమీ అర్థం కాలేదు. కొడుకు వైపు చూశాడు. కొడుక్కి అర్థమైంది. వాడు పళ్ళెంలోకి వంగి, కనురెప్పలు రెండుసార్లు గట్టిగా మూసి తెరిచాడు. తర్వాత, తల్లి మనసు కష్టపెట్టటం ఇష్టం లేని పిల్లవాడు అడిగినట్టు, మెల్లిగా అడిగాడు.

"ఏం వేసుకోను?"

ఒడెస్సా కట్టు కట్టిన చేత్తో వాడి పళ్ళెంలో ఇంకాస్త ఆకుకూర వేసింది.

"ముదురు రంగుది వేసుకో," అంది. "లేతది మబ్బుల్లో కలిసిపోతుంది."